బడిలో ఈ రోజు ఏం చేశావు?

సాయంత్రం బడి నుంచి వచ్చిన పిల్లల్ని మన ఇళ్లలో అడిగే ప్రశ్నలు రెండే. హోంవర్కు ఏమిచ్చారు? మార్కులు ఎన్నొచ్చాయి? ఈ రోజు బడిలో నీ చేతులతో నువ్వు ఏం చేశావు అని అడిగే తల్లిదండ్రులు అరుదు. అడిగినా చాలామంది పిల్లల దగ్గర దానికి జవాబు ఉండదు. చేతులు కట్టుకుని కూర్చున్నామనో, నల్లబల్ల మీద ఉన్నది ఎక్కించుకున్నామనో చెబుతారు. ఈ మధ్య దీనికి ఇంకొకటి తోడైంది. టీవీలో పాఠం చూశామంటున్నారు.

చూడటం వేరు, చేయటం వేరు. చిన్న తరగతుల్లో ఈ తేడా ఎంత ముఖ్యమో మనం ఆలోచించుకోవలసిన సమయం వచ్చింది. ఎందుకంటే బడుల్లోకి యంత్రాలు వస్తున్నాయి, ఇళ్లలోకి ఫోన్లు ఎప్పుడో వచ్చాయి. కాని వాటితో ఏం చేయాలన్న విషయం మాత్రం ఎవరికీ తేల్చుకునే తీరిక దొరకడం లేదు.

'ప్రాజెక్టు' అంటే అతికించిన బొమ్మలేనా?

ప్రాజెక్టు అనే మాట మన ఇళ్లకు కొత్తది కాదు. నిరంతర సమగ్ర మూల్యాంకనం అమలులోకి వచ్చాక రాత పనికీ, లఘు పరీక్షకూ తోడు ప్రాజెక్టు పనికి కూడా మార్కులు పెట్టారు. ఉద్దేశం మంచిదే. మరి జరుగుతున్నదేమిటి? రేపు ఇవ్వాలనగా ఈ రోజు రాత్రి ఎనిమిది గంటలకు పాపకు సంగతి గుర్తొస్తుంది. అబ్బా బండి తీసి బజారుకు పరుగెత్తి, ఇంటర్నెట్ సెంటరు మూసేలోగా 'రవాణా సాధనాలు', 'జాతీయ చిహ్నాలు' అంటూ రంగుల బొమ్మలు ప్రింటు తీయించుకొస్తాడు. అమ్మీ కత్తిరించి చార్టు మీద అతికిస్తుంది. అక్క ముత్యాల్లాంటి అక్షరాలతో పేర్లు రాస్తుంది. చివర తన పేరు, తరగతి మాత్రం పాప రాసుకుంటుంది, అప్పటిదాకా మెలకువగా ఉంటే! మార్కులు ఎవరికి వేయాలో పాఠకులే చెప్పాలి.

ఇది ప్రాజెక్టు కాదు. పిల్లలకు నిజంగా తెలుసుకోవాలనిపించే ప్రశ్న ఒకటి ఉండాలి. దాని జవాబు ఏ పుస్తకంలోనూ రెడీగా దొరకకూడదు. పిల్లలు కొన్నాళ్లపాటు కొలిచి, అడిగి, రాసుకుని, లెక్క కట్టి జవాబు రాబట్టాలి. ఆ తర్వాత అది పదిమందికి చెప్పాలి. చదవటం, రాయటం, కూడికలు, భాగహారాలు అన్నీ ఆ పనిలోనే అవసరపడాలి. అసలు ప్రాజెక్టు అంటే ఇదే.

అమెరికాలో విలియం కిల్‌పాట్రిక్ అనే ఆచార్యుడు 1918లో 'ప్రాజెక్టు పద్ధతి' పేరుతో రాసిన వ్యాసం ఈ మాటకు ప్రచారం తెచ్చింది. అయితే దీనికి మన దేశంలో దొరికిన గొప్ప ఆదరువు హైదరాబాదులో పుట్టిన మనిషి. ఆయన డాక్టర్ జాకిర్ హుసేన్. తండ్రి హైదరాబాదులో న్యాయవాదిగా ఉన్న కాలంలో, 1897లో ఆయన అక్కడ జన్మించారు. రాష్ట్రపతిగా మనకు ఆయన ఫోటో తెలుసు. అంతకుముందు రెండు దశాబ్దాలకు పైగా, 1926 నుంచి 1948 వరకు, ఢిల్లీలోని జామియా మిల్లియా ఇస్లామియాను కటిక బీదరికంలో నడిపిన విద్యావేత్తగా ఎంతమందికి తెలుసు? జామియా ప్రాథమిక పాఠశాలలో పిల్లలే చిన్న దుకాణం నడిపేవారు, పిల్లలే బ్యాంకు నడిపేవారు. కూడికలు, తీసివేతలు ఆ దుకాణంలోనూ, ఆ బ్యాంకులోనూ నేర్చుకున్నారు. జర్మనీ నుంచి వచ్చి జామియా పసిపిల్లల కోసం పనిచేసి, 1943లో ఇక్కడే కన్నుమూసిన గెర్దా ఫిలిప్స్‌బోర్న్ అనే మహిళను పిల్లలు 'ఆపా జాన్' అని పిలుచుకున్నారు.

1937 అక్టోబరులో వార్ధాలో గాంధీజీ విద్యా మహాసభ జరిపి, చేతిపని ద్వారా చదువు చెప్పే పథకాన్ని తయారుచేసే కమిటీకి జాకిర్ హుసేన్‌నే అధ్యక్షుణ్ణి చేశారు. ఆ సభలోనే ఆయన ఒక హెచ్చరిక కూడా చేశారు. పిల్లలు చేసిన వస్తువులు అమ్మి బడి ఖర్చులు రాబట్టాలనే పట్టుదల మితిమీరితే, ఉపాధ్యాయుడు బీదపిల్లల చేత చాకిరీ చేయించుకునే యజమానిగా మారిపోయే ప్రమాదం ఉందన్నారు. గాంధీజీ ఎదుటే ఈ మాట అనటానికి ఎంత నిబ్బరం కావాలో ఊహించండి.

ఆ హెచ్చరిక మన ప్రాంతానికి ఈనాటికీ వర్తిస్తుంది. మిరప కోతల రోజుల్లో బడికి రాని పిల్లలు ఎక్కడ ఉంటారో జగ్గయ్యపేట, నందిగామ పల్లెల్లో టీచర్లను అడిగితే చెబుతారు. అందుకే 'పని ద్వారా చదువు' అనగానే కొందరు తండ్రులకు చిర్రెత్తుతుంది. 'పని చేయించటానికి బడి ఎందుకు? ఆ పనేదో మా దగ్గరే చేస్తాడు కదా!' అంటారు. వారి కోపం న్యాయమైనదే. బస్తాకెత్తే మిరపకాయ కూలి. ఏ చేనులో చెట్టుకు ఎన్ని కాయలు కాశాయో, ఎందుకు తేడా వచ్చిందో లెక్కించి రాసుకున్నది చదువు. మొదటిదాన్ని రెండోదాని పేరుతో బడిలోకి రానివ్వకుండా చూడటం మన బాధ్యత.

మన రాష్ట్రంలోనే ఒకసారి జరిగింది

ఈ పద్ధతి ఢిల్లీకో, విదేశాలకో మాత్రమే చెల్లుతుందనుకోవద్దు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1980ల మధ్యలో బ్రిటన్ ప్రభుత్వ సహాయంతో ప్రాథమిక విద్యా పథకం ఒకటి ప్రయోగాత్మకంగా మొదలైంది. 1989 నుంచి రాష్ట్రమంతటికీ విస్తరించింది. టీచర్లు దాన్ని 'ఏపీపెప్' అని పిలుచుకునేవారు. అప్పటి ఉపాధ్యాయుల్లో చాలామంది ఇప్పుడు పదవీ విరమణ చేశారు. వారిని పలకరిస్తే ఆరు సూత్రాలు గుక్కతిప్పుకోకుండా ఒప్పజెప్పగలరు. కృత్యాలను టీచరే తయారు చేసుకోవాలి. పిల్లలు చేసి, పరిశోధించి, తమంతట తాము కనుక్కుని నేర్చుకోవాలి. ఒకరుగానూ, జట్టుగానూ, తరగతి మొత్తంగానూ పనిచేయాలి. పిల్లవాడికీ పిల్లవాడికీ ఉన్న తేడాను గుర్తించాలి. చుట్టూ ఉన్న పరిసరాలనే పాఠానికి వాడుకోవాలి. పిల్లలు చేసిన పనిని గదిలో ప్రదర్శించి గదిని అందంగా ఉంచాలి.

ఈ ఆరింటిలో విలువైనది అయిదవదే అని మా అభిప్రాయం. దానికి డబ్బు అక్కరలేదు. విత్తనాలు, ఆకులు, గులకరాళ్లు, అగ్గిపెట్టెలు, ఊరి చెరువు, ఊరి సంత, ఇవే సామగ్రి. ఆ పథకం కింద తరగతి గదులు కట్టారు, కొన్ని బడులకు కలిపి ఒక ఉపాధ్యాయ కేంద్రం ఏర్పాటు చేశారు. టీచర్లు అక్కడ కలుసుకుని, తాము తయారు చేసిన కృత్యాలను ఒకరికొకరు చూపించుకునేవారు. అన్ని చోట్లా ఒకే తీరుగా నడిచిందని అనలేం. తనిఖీ ఉన్న రోజున కృత్యం, మిగతా రోజుల్లో పాత పాఠం నడిచిన బడులూ ఉన్నాయి. 1996లో పథకం ముగిసింది. తర్వాత మరొక పథకం, మరొక పేరు వచ్చాయి. అయినా ఈనాడు మన పాఠ్యపుస్తకాల్లో 'ఇవి చేయండి', 'మీ ఊళ్లో అడిగి తెలుసుకోండి' అని కనిపించే శీర్షికల వెనుక ఆ రోజుల ఆలోచన ఉంది.

మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రం మరో దారి చూపింది. ఒకే టీచరు అన్ని తరగతులకూ చెప్పవలసి వచ్చే పల్లె బడుల కోసం పాఠాలను చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, నిచ్చెన మెట్లలా అమర్చింది. ఏ పిల్లవాడు ఏ మెట్టు మీద ఉన్నాడో అతనే గోడ మీద చూసుకుని తన కార్డు తీసుకుంటాడు. మన ఉర్దూ మాధ్యమం బడుల్లో ఒకరిద్దరు ఉపాధ్యాయులతో నడుస్తున్నవి ఉన్నాయి కనుక ఈ సంగతి ప్రత్యేకంగా చెబుతున్నాం.

బీరువాలోని యంత్రాలు

యంత్రాల కథ కూడా పాతదే. 1975 ఆగస్టు నుంచి 1976 జులై వరకు అమెరికా ఉపగ్రహం ఒకటి అరువు తెచ్చుకుని, ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు మన దేశం టీవీ పాఠాలు పంపింది. వాటిలో మన తెలుగు పల్లెలూ ఉన్నాయి. కోళ్లగూటికి కట్టే ఇనుప జాలీతో చేసిన పదడుగుల గొడుగు బడి దగ్గర నిలబెట్టి, ఉదయం పూట పిల్లలకు తెలుగులో కార్యక్రమాలు చూపించారు. ఏడాది తిరిగేసరికి ప్రయోగం ముగిసింది. 1987 నుంచి 'ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్' కింద సైన్సు కిట్లు, గణితం కిట్లు వచ్చాయి. పగిలితే జవాబు ఎవరు చెప్పుకోవాలన్న భయంతో చాలాచోట్ల అవి బీరువాలోనే ఉండిపోయాయి. తర్వాత రేడియో పాఠాలు వచ్చాయి, కంప్యూటర్లు వచ్చాయి. 2017లో దీక్షా వేదిక వచ్చి పాఠ్యపుస్తకంలో ఫోనుతో స్కాన్ చేసే గళ్ల చదరాలు కనిపించసాగాయి. 'నాడు-నేడు' కింద ప్రాథమిక పాఠశాలలకు స్మార్ట్ టీవీలు చేరాయి. 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు పంచారు.

వస్తువు ఇచ్చినంత మాత్రాన చదువు వస్తుందా? పెరూ దేశంలో పల్లెల్లోని ప్రాథమిక పాఠశాలల పిల్లలకు లాప్‌టాప్‌లు పంచారు. 2012లో వెలువడిన పెద్ద పరిశీలన ఫలితమేమిటంటే, లెక్కల్లో గాని భాషలో గాని ఆ పిల్లలు మిగతావారి కంటే మెరుగుపడినట్లు కనిపించలేదు. ఇందులో ఆశ్చర్యమేముంది? గరిటె కొనిచ్చినంత మాత్రాన వంట రాదు కదా!

అలాగని యంత్రాన్ని పక్కన పెట్టమనటం లేదు. అది పిల్లవాడు వాడే కొలబద్దగా, రాతపుస్తకంగా ఉండాలని అంటున్నాం. ఎలాగో ఒక ఊరిని తీసుకుని చూద్దాం.

వేదాద్రి మెట్ల మీద

వేదాద్రి అందరికీ తెలిసిన ఊరే. జగ్గయ్యపేట మండలంలో కృష్ణ ఒడ్డున, నరసింహస్వామి క్షేత్రంగా పేరు పొందింది. 2022 ఏప్రిల్‌లో ఎన్టీఆర్ జిల్లాలో చేరింది గాని పాతవారి నోట ఇంకా కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతమే. ఎగువన పులిచింతల, దిగువన ప్రకాశం బ్యారేజీ. నది ఇంత దగ్గరగా ఉన్న ఊళ్లో అయిదవ తరగతి పిల్లలకు 'నదులు' పాఠం బొమ్మలో చూపించటం కంటే విచిత్రం ఉంటుందా?

ప్రశ్న ఇలా వేద్దాం: మన ఊరి దగ్గర కృష్ణ ఎప్పుడు, ఎంత పెరుగుతుంది? ఎందుకు?

రోజూ ఒకే వేళకు, పెద్దవాళ్లు తోడుండగా, ఒడ్డు మీది నుంచి స్నానఘట్టంలో నీటి పైన ఎన్ని మెట్లు కనిపిస్తున్నాయో లెక్కపెట్టాలి. నీటి దగ్గరికి దిగటం లేదు, ఈ ఒక్క షరతు దగ్గర మాత్రం ఏ సడలింపూ ఉండకూడదు. వరద రోజుల్లో అసలు వెళ్లకూడదు. ముందుగానే ఒక మెట్టు ఎత్తు టేపుతో కొలిచి పెట్టుకుంటే మెట్ల లెక్క సెంటీమీటర్లలోకి మారుతుంది. ఇక్కడే గుణకారం వచ్చేసింది. టీచరు ఫోనుతో రోజూ ఒకే చోటు నుంచి, ఒకే కోణంలో ఫోటో తీయాలి. నెల రోజుల ఫోటోలు వరుసగా స్మార్ట్ టీవీలో వేస్తే నది ఊపిరి తీసి వదిలినట్లు కనిపిస్తుంది. ఆ టీవీలో పిల్లలు చూస్తున్నది తాము తయారు చేసిన పాఠం.

బడి ఆవరణలో వానమాపకం పెట్టాలి. నిటారుగా ఉన్న ప్లాస్టిక్ సీసా పైభాగం కోసి, దాన్నే తలకిందులుగా గరాటులా అమర్చాలి. అడుగు ఎగుడుదిగుడుగా ఉంటుంది కనుక కొద్దిగా నీరు పోసి, ఆ మట్టం దగ్గర స్కేలు సున్నా వచ్చేలా అతికించాలి. ఒక చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. బడి కప్పు పొడవు, వెడల్పు కొలిస్తే నిన్న రాత్రి వానకు ఆ కప్పు మీద ఎన్ని బిందెల నీరు పడిందో పిల్లలే చెబుతారు.

కొద్ది రోజులకు పిల్లలకే ఒక అనుమానం వస్తుంది: ఇక్కడ వాన లేదు, మరి నది ఎందుకు పెరిగింది? అప్పుడు పేపరు తీయాలి, ఫోను తీయాలి. పులిచింతల నుంచి ఎన్ని క్యూసెక్కులు వదిలారో చూడాలి. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపు అడుగు, అంటే సుమారు 28 లీటర్లు. పద్నాలుగు లీటర్ల బకెట్లు రెండు. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ వద్ద ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. సెకనుకు ఎన్ని బకెట్లు? ఈ లెక్క చేసిన పిల్లవాడు లక్షలను జన్మలో మరచిపోడు. అక్కడ వదిలిన నీరు ఇక్కడి మెట్లకు చేరటానికి ఎన్ని గంటలు పట్టిందో కూడా తమ పట్టికలోనే వెతుక్కుంటారు. 2021 ఆగస్టులో పులిచింతల గేటు ఒకటి కొట్టుకుపోయింది. అలాంటి రోజున ఏం జరుగుతుందో ఊహించి రాయమనండి.

తర్వాత పెద్దల వంతు. 2009 వరద చూసినవారు ప్రతి ఇంట్లోనూ ఉన్నారు. 2023 జులైలో నందిగామ దగ్గర మున్నేరు నీరు జాతీయ రహదారి మీదికి వచ్చిన సంగతి ఆటో నడిపేవారికి బాగా గుర్తు. నీళ్లు ఎంత దాకా వచ్చాయి, ఏం తిన్నారు, ఎక్కడ తలదాచుకున్నారు అని పిల్లలు నానీని, దాదాను అడిగి ఫోనులో రికార్డు చేయాలి. ఈ పనికి ఫోను కంటే మంచి సాధనం లేదు. నానీ మాట ఉర్దూలో ఉంటుంది, బడి రాత తెలుగులో ఉంటుంది, పాఠ్యపుస్తకంలో సగం ఇంగ్లీషు. మెట్టుకు సీఢీ, ఇసుకకు రేత్, వరదకు సైలాబ్ అంటూ మూడు భాషల మాటల పట్టిక ఒకటి దానంతటదే తయారవుతుంది. ఇంట్లో మాట్లాడే భాష బడిలో పనికిరానిదన్న చిన్నచూపు మన పిల్లల నోరు ఎంత కట్టేస్తున్నదో టీచర్లకు తెలుసు. ఆ పట్టిక దగ్గర ఉర్దూ వచ్చిన పిల్లవాడే మిగతావారికి ఉస్తాద్.

నది లేని ఊళ్లలో పత్తి ఉంది. దూదేకుల, నూర్‌బాషా కుటుంబాల పిల్లలు కొందరు తాతల వృత్తి పేరు చెప్పటానికి సిగ్గుపడతారు. గింజతో ఉన్న పత్తి వంద గ్రాములు తూచి, గింజలు వేరుచేసి మళ్లీ తూస్తే దూది దాదాపు మూడోవంతే మిగులుతుంది. రైతు అమ్మిన క్వింటాలులో దూది ఎంతో, గింజ ఎంతో అప్పుడు తెలుస్తుంది. పరుపుకు ఎన్ని కిలోలు పడుతుంది, దూదేకే విల్లు ఎలా మోగేది, ఫోము పరుపులు వచ్చాక బేరం ఎంత తగ్గింది? ఇవి తాతగారిని తరగతిలో కుర్చీ వేసి కూర్చోబెట్టి అడగవలసిన ప్రశ్నలు.

ఫోను ఎవరి చేతిలో?

ఇక్కడ ఒక చేదు మాట. 2020లో బడులు మూతపడి దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు వచ్చిన రోజుల్లో చాలా ఇళ్లలో ఫోను ఒక్కటే. పగలు అది అబ్బాతో పనికి పోయేది. సాయంత్రం ఇంటికి వచ్చాక అన్న చేతికి వెళ్లేది. చెల్లెలి వంతు వచ్చేసరికి ఛార్జింగ్ అయిపోయేది. బడులు తెరిచినా ఆ వరస చాలా ఇళ్లలో మారలేదు. 'ఆడపిల్లకు ఫోను ఎందుకు?' అనే తల్లిదండ్రుల భయం మాకు అర్థమవుతుంది. అయితే గదిలో ఒంటరిగా వీడియోలు చూస్తున్న కొడుకు గురించి ఆ భయం ఎందుకు లేదు? పదేళ్లలోపు బిడ్డ చేతికి సొంత ఫోను ఎవరికీ వద్దు. నలుగురూ కూర్చున్న చోట, ఒక పని కోసం, పావుగంట. నానీ మాటలు రికార్డు చేసే పావుగంట కూతురిది కూడా కావాలి.

మరో ప్రశ్న వస్తుంది. ఇదంతా చేస్తే చదవటం, రాయటం ఎప్పుడు? న్యాయమైన ప్రశ్న. ప్రాజెక్టు ఒక్కటే చాలదు. మూడవ తరగతి దాటినా వాక్యం కూడబలుక్కునే పిల్లలు ఉన్నారు. రోజూ గట్టిగా చదివించటం, ఎక్కాలు, చూచిరాత వాటి స్థానంలో ఉండవలసిందే. వారానికి రెండు మూడు పీరియడ్లు ప్రాజెక్టుకు ఇచ్చినా మేము సంతోషిస్తాం. పిల్లల్ని నది ఒడ్డుకు తీసుకెళ్లిన మేష్టారి మీద 'చదువు చెప్పకుండా తిప్పుతున్నాడు' అని ఫిర్యాదు చేయకుండా ఉంటే అదే మనం చేసే మొదటి సాయం.

రెండో సాయం చట్టమే మన చేతికిచ్చింది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ పాఠశాల కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి. సభ్యుల్లో సగం మంది స్త్రీలు కావాలి. మన ఇళ్ల నుంచి ఎంతమంది తల్లులు ఆ సమావేశాలకు వెళ్తున్నారు? వెళ్లినప్పుడు మరుగుదొడ్లు, భోజనం గురించి అడగటం అవసరమే. దానితో పాటు స్మార్ట్ టీవీ వారానికి ఎన్ని గంటలు నడుస్తున్నది, అందులో పిల్లలు చేసినది ఏమైనా వేశారా, సైన్సు కిట్టు బీరువా తాళం ఎవరి దగ్గర ఉంది అని కూడా అడగండి. దర్జీ పని చేసే తండ్రి టేపుతో ఒక గంట, మాంసం దుకాణం వారు కాటాతో ఒక గంట, ఆటో సోదరుడు లీటరుకు ఎన్ని కిలోమీటర్లు అనే లెక్కతో ఒక గంట బడికి వస్తామని మేష్టారికి చెప్పండి.

కృష్ణలో నీరు పెరిగేది ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో. పత్తి తీత అక్టోబరుకు మొదలవుతుంది. బడి తెరిచే జూన్‌లోనే మాట్లాడుకుంటే మొదటి వానకే సీసా సిద్ధంగా ఉంటుంది.